మూడు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది

1957. కర్నూలులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుండేవాణ్ణి. నాకు కోపం శానా, గొంతు ఇంకా శానా. నా క్లాసులో రూతమ్మ అని బనగానపల్లె దగ్గరి పిల్ల ఉండేది. వాళ్లది కోరు సేద్యం. అంటే చేను ఆసామిది, కష్టం వీళ్లది, పంట చెరిసగం. పరీక్ష ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాని కలుపుకు రమ్మని వాళ్ల నాయన తేల్చి చెప్పినాడు.

ఆ పిల్ల బోర్లా పడేది ఐసోటోపుల దగ్గరే. ఒకే మూలకంలో బరువు తేడాగా ఉండే పరమాణువులే ఐసోటోపులు. క్లోరిన్‌లో 35 బరువువి, 37 బరువువి కలిసి ఉంటాయి. సగటు పరమాణు భారం ఎంతమ్మా అంటే, ఎప్పుడడిగినా 36 అనేది.

"ముప్పైఐదున్నర తల్లీ! పుస్తకంలో అచ్చేసి ఉండాది కదా! ఈ ముప్పైయారు యాడ పట్టుకొచ్చినావు?" అని ఒకరోజు అరిచినాను.

ఆ పిల్ల బెదరలేదు. "రెండు రకాలుండాయి కదా సార్, చెరిసగం చేసినా. మా కళ్లంలో ఏది పంచినా అంతే."

నా కోపం చప్పున దిగిపోయింది. ఇది తెలివి తక్కువై కాదు, ఇంటి అలవాటు.

"సరే, పంపకం మాట వదిలెయ్. విత్తేటప్పుడు కొర్రలో కంది ఎట్లేస్తారు?"

"మూడు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది."

"క్లోరిన్ చేనూ దాదాపు అంతే. మూడు సాళ్లు ముప్పైఐదు, ఒక సాలు ముప్పైయేడు. ఇప్పుడు చెప్పు."

వేళ్లు ముడుచుకుంటా గొణిగింది. "మూడు ముప్పైఐదులు నూటైదు... ముప్పైయేడు కలిపితే నూటానలభైరెండు... నాలుగో వంతు... ముప్పైఐదున్నర! ఓయమ్మా, ఇంతేనా సార్!"

"ఇంతే! దీనికా ఇన్నాళ్లూ నా గొంతు అరగదీసినావు!"

పరీక్షలో బోరాన్ ఇచ్చినారు. 10 బరువువి ఒక పాలు, 11 బరువువి నాలుగు పాళ్లు. "పది పాయింట్ ఎనిమిది సార్!" అని బయటికొస్తూనే కేకేసింది. పాసైంది. కలుపు తప్పింది. నాకైతే పండగే.

ఫలితాలొచ్చినాక కనబడి పోదామని వచ్చి, గడపలో నిలబడింది.

"ఒకటి అడగాల సార్. ఎవరిది ఎంతుంటే అంతే కదా లెక్కలోకి వచ్చేది. నాలుగు సాళ్లూ మా నాయనే దున్నె, మా నాయనే విత్తె. మాకు సగమేంది సార్?"



ఆ పొద్దునుంచి పిల్లలు లెక్క తప్పితే, అరిచే ముందు అది యాడ నేర్చినారో అడుగుతాండా. ముప్పైయారు తప్పే. ఆ తప్పు మాత్రం రూతమ్మది కాదు.