గొడుగు వెనక పులి

నా మొదటి పిల్లల పుస్తకంలో పులి ఉంది, పులి బొమ్మ మాత్రం లేదు. అదెట్లా జరిగిందో చెబుతాను. నా మాటల్లో సగం తీసేసి నమ్మే అలవాటున్నవారు ఈ ఒక్కసారికి పావు తీసేస్తే చాలు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. గురజాల దగ్గర ఒక ఎలిమెంటరీ బడిలో పంతులుగా ఉండేవాణ్ణి. లెక్కలు చెప్పాల్సిన వేళ కథలు చెప్పడం నాకున్న జబ్బు. ఒక మధ్యాహ్నం, మాచర్లలో టిక్కెట్టు లేకుండా గుంటూరు రైలెక్కిన పులి కథ మొదలుపెట్టాను. అది కిటికీ పక్కన కూర్చుంది. దాని ఎదురుగా ఎవరు కూర్చున్నారని పిల్లలు అడిగారు. నేనేనన్నాను. ఆ సీటు ఖాళీగానే ఉంది మరి! కథ వారం రోజులు సాగింది. అయిపోయాక దాన్ని పుస్తకంగా చూసుకోవాలన్న కోరిక నన్ను పట్టుకుని వదల్లేదు. నలభై దాటినా, అప్పటికి నా అక్షరం ఒక్కటీ అచ్చు కాలేదు.

కాగితాల కట్ట చంకన పెట్టుకుని నరసరావుపేట బయలుదేరాను. పెట్రోలు కరువై బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎత్తు వస్తే అందరం దిగి నెట్టాల్సిందే. ఆ రోజు బస్సు నన్ను తీసుకుపోయిందా, నేను బస్సును తీసుకుపోయానా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

అక్కడ ఒక సాయిబు గారికి చిన్న అచ్చాఫీసు ఉండేది. శుభలేఖలు, కొట్లవాళ్ళ కరపత్రాలు వేసేవాడు. ఆయన నా కథ నిలబడే చదివాడు. రెండుసార్లు నవ్వాడు. తర్వాత అడిగాడు:

“పులి బొమ్మేది పంతులు గారూ?”

“అది మీరు వేస్తారుగా.”

“నేను యాడ తెచ్చేది? బొమ్మ అచ్చేసే బ్లాకు మద్రాసులో చేయించాల. ఈ యుద్ధంలో అయ్యే పనేనా? బొమ్మ లేని పుస్తకం పిల్లలు ముట్టుకోరు. నా కాడ ఒక్క పుస్తకానికే కాగితముంది. మళ్ళీ ఎప్పుడొచ్చిద్దో! ఇది గాని పిల్లలకు పట్టకపోతే, మీరు ఇంకో కథ పట్టుకుని నా గడప తొక్కొద్దు.”

“పాత బ్లాకులు ఏమున్నాయి?”

ఆయన బల్ల కింద నుంచి ఒక చెక్కపెట్టె లాగాడు. సిరా పట్టి నల్లబడిన బ్లాకులు. ఏది ఏమిటో చూస్తే తెలియదు. ఒక్కొక్కదానికి సిరా రాసి చిత్తుకాగితం మీద అద్దుతుంటే, ప్రతిసారీ పులే వస్తుందేమోనని మెడ చాచి చూశాను. మొదట ఎద్దు వచ్చింది. తర్వాత తలనూనె కరపత్రంలోని మీసాలాయన. ఆ తర్వాత కుట్టుమిషను.

“ఎద్దుకే చారలు గీస్తే?”

“కొమ్ముల పులా? మీ కోతలు మీ నోటితో కోసుకోండి. నా మిషను చేత కోయించమాకండి.”

అట్టడుగున ఉన్న బ్లాకు అద్దితే గొడుగు వచ్చింది. బాగా తెరిచి, మన వైపు వాల్చిన పెద్ద గొడుగు.

“దీని వెనక ఎవరున్నారు?” అన్నాను.

“ఎవరుంటారు? అది గొడుగుల కొట్టు వాళ్ళ బ్లాకు.”

“మీరు చూశారా?”

ఆయన గొడుగు వంకా, నా వంకా చూశాడు. “చూడలా,” అన్నాడు.

అరుగు మీద కూర్చుని కథంతా మళ్ళీ రాశాను. మీసాలాయన టిక్కెట్టు కలెక్టరయ్యాడు. ఆయన్ను చూడగానే పులి, తన పక్కనున్న ముసలమ్మ చేతిలోని గొడుగు లాక్కుని దాని చాటున నక్కింది. ఎద్దు సత్తెనపల్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి పులి వాసన పట్టింది. కుట్టుమిషనును ఏంచేయాలో తోచక పిడుగురాళ్ళలో రైలెక్కించాను.

“పిల్లలు నమ్ముతారంటారా?” అన్నాడు సాయిబు గారు, అక్షరాలు కూరుస్తూ.

జీవితంలో మొదటిసారి నిజం చెప్పాను. తెలియదన్నాను.

పుస్తకాలు వచ్చిన రోజు తరగతిలో అందరికీ పంచాను. నోటితో చెప్పేటప్పుడు పిల్లల మొహాలు చూసి కథ మార్చుకోవచ్చు. అచ్చయినదాన్ని ఏం మారుస్తాం? నోరు మూసుకుని కూర్చున్నాను. కుట్టుమిషను దగ్గర ఒకడు ఆవులించాడు. నా ప్రాణం సగం పోయింది.

గొడుగు పేజీ వచ్చేసరికి గది సద్దుమణిగింది. నేను చెప్పిన ఒక్క మాటా ఏనాడూ నమ్మని పిల్ల ఒకతె ముందు వరసలో ఉంది. ఆ పిల్ల గొడుగు వంక కాసేపు చూసి, చటుక్కున పేజీ తిప్పింది. వెనక ఎద్దు బొమ్మ ఉంది. మళ్ళీ ఇటు తిప్పింది.

“ఏంది పంతులు గారూ, ఎనక లేదే!”

నేను నోరు తెరిచేలోగా పక్కవాడు గదమాయించాడు.

“ఏమే, అంత గబుక్కున తిప్పితే ఉంటదటే? బెదిరి దిగిపోయిద్ది. నిదానంగా తిప్పు!”

ఆ పిల్ల వాడివైపు చూసింది, పుస్తకం వైపు చూసింది. ఈసారి రెండు వేళ్ళతో పేజీ అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా ఎత్తింది. చుట్టూ అందరూ పేజీలు అట్లాగే ఎత్తుతున్నారు, చప్పుడు కానీయకుండా. నేను కుర్చీలోంచి లేచి, మునివేళ్ళ మీద నడిచి, ఆ పిల్ల భుజం మీదుగా వంగి చూశాను.