గింజల గోతాం మీద కాలు

“కాలు పెట్టరా అంటే ఎగిరి దూకుతావేందిరా? అదేమన్నా పామా?”

“గింజల గోతాం మీద కాలు పెట్టమంటావేంది సార్? మాయమ్మకు తెలిస్తే కూడు పెట్టదు.”

“దాంట్లో గింజల్యాడివిరా? పొట్టు కుక్కింది నేనే!”

“పొట్టు ఇప్పుడు సార్. మొన్నటిదాంకా చెనక్కాయలే గదా!”

ఆళ్ళగడ్డలో మా శేషయ్య మామ చెనక్కాయల గోడౌను తలుపు దగ్గరికి వచ్చేసరికి ఈ రచ్చ. అది 1956 వానాకాలం. అరుస్తాండేది హైస్కూలు డ్రిల్లు మాస్టరు దేవదానం. ఎదురు చెప్తాండేది నారాయణ, పెద్దరైతు కొడుకు.

బయట బురద కాబట్టి, కొత్త పంట వచ్చేదాంకా ఖాళీ గోడౌనులో పిల్లోళ్ళను ఆడుకోమన్నాడు మామ. కప్పు మీద ఒక్క పెంకు పగిలినా ఆట బంద్ అన్నాడు. అనంతపురంలో బి.ఏ. సగంలో వదిలేసి ఊరికే తిరుగుతాండానని, పెంకులకు నన్ను కాపలా పెట్టినాడు. చదువుకున్నోడికి తగిన ఉద్యోగమే.

ఆట పేరు బేస్‌బాల్. బంతి కొట్టి, నాలుగు మూలలూ కాలితో తాకి తిరిగి రావాల. తాకకపోతే అవుట్. ఆళ్ళగడ్డకు ఈ ఆట యాడ నుంచి వచ్చిందంటే, దేవదానం నుంచే. ఆయనది నంద్యాల పక్క కూలోళ్ళ ఇల్లు. యుద్ధంలో చేరి, అస్సాంలో అమెరికా సిపాయిల వంటింట్లో ఉర్లగడ్డలు తరిగినాడు. ఒకరోజు ఆటకు ఒక మనిషి తక్కువైతే ఈయన్ను లాగినారు. ఆ పొద్దు పట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్టాండుదాంకా వినబడతాది.

బ్యాటు తుమ్మకొయ్యది. బంతి గుడ్డపీలికలు చుట్టి పైన తోలు కుట్టింది. పెంకుల భయానికి అన్నీ కింది దెబ్బలే నేర్పించినాడు. దూలానికి ఇసుక మూట వేలాడగట్టి దాన్ని కొట్టిస్తాడు. గోడకు సుద్దతో గుండ్రం గీసి దాంట్లోకి విసరమంటాడు. బంతిని నేల మీద దొర్లించి, “వంగండ్రా, కలుపు తీసినట్ల వంగండి!” అంటాడు.

“కలుపు ఆడోళ్ళు తీస్తారు సార్,” అన్నాడు నారాయణ.

“అందుకే వాళ్ళకు నడుములుండాయి, నీకు లేదు.”

అన్నీ బాగానే ఉన్నాయి, పరుగు దగ్గరే పాడైపోయింది. మూలకు గుర్తుగా పెట్టిన పొట్టు గోతాం రాగానే ప్రతివాడూ మీంచి దూకుతాడు. ప్రభుదాసు అనే పిల్లోడి కాలు పొరపాటున తగిలితే ఆగి, వంగి, చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. అంతలో బంతి వచ్చేసింది, అవుట్. నేను పగలబడి నవ్వినాను.

“నవ్వకప్పా,” అని వచ్చి పక్కన కూచున్నాడు మాస్టరు. “వానలు పోతానే నంద్యాల హాస్టలోళ్ళతో ఆట ఉండాది. ఆడ పరువు పోతే, ఈ ఆట మాని ఇంక ఎప్పటికీ లెఫ్ట్ రైటే అన్నాడు హెడ్మాస్టరు.”

“నాలుగు తగిలిస్తే తొక్కరా సార్?”

“ఎట్ల కొడతానప్పా? అస్సాంలో నేనూ పిండిమూట మీంచి దూకినోణ్ణే. మాయమ్మ కల్లంలో గింజలు ఊడ్చి నన్ను సాకింది. చివరికి దండం పెట్టుకుని తొక్కినా.”

“తర్వాత?”

“తర్వాతేముంది, అప్పటికే అవుట్.”

మర్నాడు తోపుడుబండి మీద నాలుగు నాపరాళ్ళు తెచ్చి మూలలకు పరిచినాడు. “బండ మీద కాలు పెట్టడానికేం నొప్పిరా?” ఏ నొప్పీ లేదు. కట్టు విప్పిన దూడల్లాగా ఉరికినారు. నారాయణ అయితే బండ పగిలేట్టు తొక్కినాడు. వాన నిలిచేదాంకా ఒకటే ఆట. పగిలింది ఒక్క పెంకే, అదీ మా మామ “ఇటియ్యండ్రా” అని బ్యాటు పట్టుకున్న రోజు. ఆట బంద్ అనే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆట ముందురోజు దేవదానం నంద్యాల పోయి, మైదానం చూసి సాయంత్రానికి తిరిగొచ్చినాడు. మొహం వాడిపోయింది.

“ఆడా గోతాలేనప్పా. బియ్యం గోతాలు! మనోళ్ళలో ఒక్కడూ తొక్కడు. వాళ్ళ మాస్టర్ని బతిమాలినా. మీ రాళ్ళు మీరు తెచ్చుకుంటే పరుచుకోండన్నాడు.”

గోడౌను మూలల్లో ఉన్న బండల్ని చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు.

“పిల్లోళ్ళను నేను తీసుకపోతా. నువ్వు ఈ నాలుగు బండలు బస్సుకెక్కించుకుని నంద్యాలకు రాప్పా. కండక్టరు అడిగితే ఇల్లు కడతాండామని చెప్పు. నీ బి.ఏ. మాదిరి సగంలో మాత్రం దిగిపోవద్దు.”