నూనె వేసిన పెడల్

కిర్రుగారి అసలు పేరు ఆయన వాయించే హోటల్లో ఎవరికీ తెలియదు. ఆ పేరు పెట్టింది మనుషులు కాదు, ఒక పెడల్. ఇవాళ లోకమంతా నెత్తిన పెట్టుకున్న ఒక బ్లూస్ సంగీతపు గిటారిస్టు కుర్రతనంలో చేసిన మొదటి ఆల్బమ్‌కి డ్రమ్ములు వాయించింది ఈయనే. రికార్డింగు పూట పెద్ద డ్రమ్మును కాలితో కొట్టే పెడల్‌కి నూనె వేయడం మరిచిపోయాడు. తొక్కినప్పుడల్లా అది కిర్రుమంది. జనానికి డ్రమ్ములకన్నా ఆ కిర్రే తెగ నచ్చేసింది. ఖర్మ!

అప్పట్నుంచీ ఆయన కాలు ఆ పెడల్ మీదే ఇరుక్కుపోయింది. ఎక్కడ పని దొరికినా ఒకటే షరతు: నూనె వేయకూడదు. ఒళ్లు మండిపోయేది. అయినా తొక్కేవాడు, ఇల్లు గడవాలి కదా!

మొన్న ఆ ఆల్బమ్‌ను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. భార్య వంటగదిలో ఫోన్లో పెట్టింది. కిర్రు లేదు! ఎవరో పుణ్యాత్ముడు కంప్యూటర్లో తుడిచేశాడు. గిటారు వెనక కిర్రుగారి డ్రమ్ములు మొదటిసారి తేటగా వినిపించాయి.

"ఏమండీ, ఇంత బాగా వాయించేవారా!"

"ఇన్నాళ్లూ పక్కనే ఉన్నావుగా?"

"ఇన్నాళ్లూ నేనూ కిర్రే విన్నానండీ," అందామె, తప్పు చేసినదానిలా.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కుట్టుమిషను నూనె తీసి పెడల్‌కి ధారాళంగా పోశాడు. ఆ సాయంత్రం హోటల్లో మనసారా వాయించాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. "కిర్రేదండీ? అది లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం," అన్నాడు మేనేజరు.

వారం తిరక్కుండా రికార్డుల కంపెనీ నుంచి ఫోను. "అభిమానులు మమ్మల్ని ఉతికి ఆరేస్తున్నారు సార్. కిర్రు మళ్లీ కలపాలి. పాత టేపులో అది డ్రమ్ములతో కలగాపులగంగా ఉంది. మాకు విడిగా, శుభ్రమైన కిర్రు కావాలి. మీరొచ్చి ఇవ్వాలి."

"డ్రమ్ములు తెచ్చుకోనా?" అని ఆశగా అడిగాడు.

"అబ్బే, అవెందుకు సార్? పెడల్ ఒక్కటీ చాలు."

స్టూడియోలో అద్దాల గదిలో కూర్చోబెట్టి, బరువైన తలుపు మూసేశారు. హెడ్‌ఫోన్లలో పాతికేళ్ల కుర్రాడు, అంటే తనే, చెలరేగిపోయి వాయిస్తున్నాడు. ఎదుట డ్రమ్ము లేదు. గాల్లోకి తొక్కాడు. చప్పుడు రాలేదు. ఇంకోసారి తొక్కాడు.

"కిర్రు రావట్లేదు సార్," అన్నాడు అద్దం అవతలి మనిషి.

కిర్రుగారు తలుపు వైపు చూశాడు. హోటలు మేనేజరు మాట గుర్తొచ్చింది. జేబురుమాలు తీసి, వంగి, పెడల్‌కి ఉన్న నూనె తుడవడం మొదలుపెట్టాడు.