పన్ను విరిగినా ఆట పోకూడదు

సన్యాసిరావు ప్రేమకొద్దీ కూతురి హాస్టలుకి గోనెడు కొబ్బరికాయలు పంపించాడు. అక్కడొచ్చింది తంటా అంతా.

ఆ కూతురు కుసుమ. వాళ్లది ఉద్దానంలో, సంతబొమ్మాళి దగ్గర పల్లె. విశాఖపట్నంలో డిగ్రీ అయ్యాక అక్కడే యూనివర్సిటీలో చేరింది, చేరిన ఏడాదే ఆడపిల్లల కబడ్డీ జట్టులోకి ఎక్కింది. కూతకి వెళ్లిందంటే పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇంటి వెనక తోటలో మగపిల్లలతో కలబడి నేర్చిన ఆట మరి! సన్యాసిరావు ఈ ఆటకి ఊరికే ఒప్పుకోలేదు. నెలరోజులు బతిమాలించుకుని, చివరికి ఒక్కటే షరతు పెట్టాడు. "ఆడుకో. మొకం మీద దెబ్బ సూసేనంటే మాత్రం ఆ రోజుతో ఆట బంద్." అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాడాయన. ఊరంతటికీ తెలుసు.

గోనె వచ్చిన రోజుకి ఇంటర్ యూనివర్సిటీ పోటీలు రెండు వారాల్లోకి వచ్చాయి. కుసుమకి అవి మొదటి పోటీలు.

గదిలో ముగ్గురు. కుసుమ, టెక్కలిలో ఓ మాస్టారి కూతురు సాహితి, అమలాపురం నుంచి వచ్చిన భార్గవి. కాయలైతే వచ్చాయి గానీ, పీచు వలవడానికి హాస్టల్లో గునపం ఎక్కడిది? భార్గవి ఓ కాయ తీసి అటూ ఇటూ తిప్పి, "మీ ఉద్దానాన్ని రెండో కోనసీమ అంటారంటగా! కాయ మాత్రం మా కాయలో సగమే ఉందే," అంది. పాపం, నవ్వుతూనే అంది.

కుసుమకి చిర్రెత్తుకొచ్చింది.

"రెండోదేటే, రెండోది? మా కాయ సంగతి నీకేటి తెలుసు? మాకు గునపాలక్కర్లేదు, సూడు!" అంటూ కాయ తొడిమ దగ్గర పళ్లు దిగేసి పీచు పట్టి లాగింది.

మనవైపు మగవాళ్లు పందెం కట్టి చేసే పని అది. ఆడపిల్లలు చెయ్యరు. కుసుమ మాత్రం చిన్నప్పుడే తోటలో ఎవరూ చూడకుండా నేర్చేసుకుంది. మొదటి కాయ చకచకా వలిచేసరికి భార్గవి నోరు వెళ్లబెట్టింది. అక్కడితో ఆగొచ్చు కదా? ఆగితే కుసుమ ఎందుకవుతుంది! రెండో కాయ బాగా ఎండింది. టక్కుమంది. పై ముందుపన్ను మూల విరిగి కింద పడింది, పెదవి చిట్లి రక్తం కారింది. ఆ మొండిఘటం కిక్కురుమనలేదు. మిగిలిన పీచు పక్కపళ్లతో లాగి పారేసి, బోడికాయ భార్గవి ఒళ్లో పెట్టి, అప్పుడు వెళ్లి నోరు కడుక్కుంది.

తిరిగొచ్చేసరికి సాహితి విరిగిన ముక్కని హాస్టల్ మేడ మీదకి విసిరేసి వచ్చింది. ఊడిన పన్ను పేడలో చుట్టి ఇంటి మీద పారెయ్యాలని వాళ్ల బామ్మ నేర్పింది కదా! "పేడ దొరకలేదే. టిష్యూలో చుట్టి విసిరేశాను," అని ఘనకార్యం చేసినట్టు చెప్పింది.

సాయంత్రం పళ్ల డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "విరిగిన ముక్క తెచ్చారా?" స్నేహితురాళ్లిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సంగతి విన్నాక ఆవిడ తల పట్టుకుంది. "పాలల్లో వేసి తెచ్చుంటే అదే అతికించేదాన్ని కదమ్మా!" అని కాసేపు కేకలేసి, మళ్లీ తనే నవ్వాపుకోలేకపోయింది. నరం దాకా పోలేదు, పన్ను గట్టిగానే ఉంది, భయం లేదంది. గరుకు అంచు నున్నగా అరగదీసి, పెదవి వాపు తగ్గాక వస్తే పంటి రంగులో ఫిల్లింగ్ పెడతానంది. "ఆటకి వెళ్లు, నోట్లో గార్డు పెట్టుకుని ఆడు. కొబ్బరికాయ జోలికి మాత్రం వెళ్లకు తల్లీ!"

నొప్పి దానంతటదే తగ్గుతుంది. నాన్నకేం చెప్పాలి? కుసుమకి అన్నం సహించలేదు. వీడియో కాల్‌లో అరచెయ్యి అడ్డం పెట్టుకుని జలుబని, ఆవలింతని ఏదో ఒకటి చెప్పి రెండు రోజులు నెట్టుకొచ్చింది. మూడో రోజు సన్యాసిరావు, "సెయ్యి తియ్యి," అన్నాడు. తీసింది. ఆయన ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"రేపు బండెక్కి ఇంటికొచ్చీ," అని ఫోను పెట్టేశాడు.

ఇల్లు చేరేసరికి తండ్రి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. మంచినీళ్లు కూడా తాగనివ్వలేదు.

"ఆటలో తగిలిందా?"

"కాదు నాన్నా. పళ్లతో కొబ్బరికాయ వలిసేను."

సన్యాసిరావు మొహం మాడిపోయింది. "దెబ్బ తగిలింది, సరే. ఆట కోసం నాకే అబద్దాలు సెప్తావా? ఆడపిల్ల పళ్లతో కాయ వలిసిందంటే నమ్మడానికి నానేటి ఎర్రోణ్నా? ఇంక ఆటా లేదు, పాటా లేదు!"

కుసుమకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆట పోవడం ఒకెత్తు, చెయ్యని తప్పుకి అబద్ధాలకోరు అనిపించుకోవడం ఒకెత్తు. కళ్లు తుడుచుకుంది. పెరట్లో కుప్ప దగ్గరికి విసవిసా వెళ్లి, ఉన్నవాట్లో పెద్దకాయ తెచ్చి తండ్రి ముందు నిలబడింది.

"ఓలమ్మో! ఒద్దే గుంటా, ఉన్న పళ్లు కూడా ఊడిపోతాయే!" అని గుమ్మంలోంచి నాయనమ్మ అప్పలనరసమ్మ గోల పెట్టింది.

వింటేనా? విరిగిన పన్నుకి తగలకుండా కాయని పక్కకి తిప్పి, కోరపన్ను దిగేసి, మెడ విసిరి లాగింది. పీచు చర్రున చీలింది. సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. ఆపుతాడేమో అనుకుంది గానీ ఆపలేదు, కళ్లు ఆర్పకుండా చూస్తున్నాడు. మరో పట్టు పట్టింది, మరోటి. చివరి పీచు ఉమ్మేసి, కాయ తండ్రి చేతిలో పెట్టింది.

"ఇప్పుడు సెప్పు నాన్నా. అబద్దమా?"

ఆయన కాయని తిప్పి తిప్పి చూశాడు. అరుగు అంచుకేసి కొట్టి, ఒక చెక్క కూతురికిచ్చి, రెండోది తను కొరుకుతూ, "నీకెవులు నేర్పేరే?" అన్నాడు. ఆట మాట ఎత్తలేదు. అప్పలనరసమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని నోరంతా వెతికి చూసి, పళ్లన్నీ ఉన్నాయని తేలాక, పిల్లని అనుమానించినందుకు కొడుకుని కడిగిపారేసింది.

మర్నాడు పొద్దున్నే సన్యాసిరావు మోటారు సైకిలు బయటికి తీశాడు. "బేగు తెచ్చుకో. పలాసలో పనుంది, అక్కడే బండెక్కిత్తాను," అన్నాడు. చదువుకేనా, ఆటక్కూడానా? అడగడానికి కుసుమకి ధైర్యం చాల్లేదు. దారిపొడుగునా ఆయన వీపు చూస్తూ కూర్చుంది.

పలాస స్టేషన్లో వీళ్ల జీడిపిక్కలు కొనే వ్యాపారి మురళీమోహన్ ఎదురయ్యాడు. పలకరింపుగా నవ్విన కుసుమని చూసి, "అదేటి బావా, పిల్లకి పన్నిరిగిపోయింది!" అని ప్లాట్‌ఫారం అంతా వినబడేలా అన్నాడు.

"కొబ్బరికాయ..." అని మొదలుపెట్టింది కుసుమ, నిజమే చెబుదామని.

సన్యాసిరావు అడ్డొచ్చాడు. "కబడ్డీ బావా, కబడ్డీ! యూనివర్సిటీ తరపున ఆడతంది మా గుంట. ఆటన్నాక పన్నిరగదేటి?"

కుసుమ తెల్లబోయి తండ్రిని చూసింది. ఆయన కూతురి వైపు తిరగనేలేదు. మురళీమోహన్ భుజం మీద చెయ్యి వేసి, మీసం దువ్వుకుంటున్నాడు.

"వచ్చే వారం విశాఖపట్నంలో పోటీలు. నానెల్తన్నాను. ఖాళీ సేసుకుని నువ్వూ రా బావా, సూద్దువుగాని!"