పురుగుల సారు తీసిన బొమ్మలు

పురుగుల సారు పోయాడని చిలమత్తూరు నుంచి వచ్చే పాల వ్యాను డ్రైవరు చెప్పాడు. గార్లదిన్నె దగ్గర సొంత ఊళ్లో, అన్నం ముందు కూర్చుని ఉండగానే గుండె ఆగిందట. నేను గొర్రెలకు నీళ్లు పోస్తున్నాను. బకెట్టు కింద పెట్టి, "ఇంగ ఆయన బొమ్మలు ఆ బెంగళూరోళ్లు ఎత్తుకుపోతారు" అన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు ఆ మాటే వచ్చింది. అన్నట్టే జరిగింది. అందుకే ఇది చెబుతున్నాను. నాకు చదువు రాదు, నా మనవరాలు రాస్తోంది. ఎక్కడా మెత్తగా రాయొద్దని దానికి గట్టిగా చెప్పాను.

మా ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు ఉంది. బోరు ఎండి మల్బరీ తోట చచ్చిపోయాక అందులో చీపురు కట్టలు తప్ప ఏమీ లేవు. నాలుగేళ్ల కిందట ఆయన భుజాన సంచితో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. బెంగళూరులో ఒక పెద్ద ల్యాబులో కెమెరాలు చూసుకునే ఉద్యోగి. పేరు ముందు డాక్టరు అని రాసుకునేంత చదువు లేదు.

"అవ్వా, మీ చేన్లో ఎర్ర గొంగళిపురుగు పడ్తాదా?"

"ప్రతి యేడూ పడ్తాది. శెనక్కాయ చెట్టుకు ఆకు మిగల్చదు. నీకేం కావాల?"

"అది రెక్కలొచ్చి ఎగిరేది చూడల్ల. ఎట్లాంటి దీపానికి ఎట్ల తిరుగుతాదో తెలిస్తే, గుడ్లు పెట్టకముందే పట్టుకోవచ్చు."

తొలకరి వాన పడ్డాక గట్టు మీద మంట వేస్తే రెక్కల పురుగులు వచ్చి పడతాయని నాకు తెలుసు. మా అత్త వేసింది, నేను వేశాను. అవి ఎందుకు వస్తాయని అడిగినవాణ్ణి మాత్రం ఆయననే చూశాను. షెడ్డు ఇచ్చేశాను.

కిటికీలకు నల్లగుడ్డ కొట్టి పట్టపగలే చీకటి చేశాడు. దోమతెర గూట్లో పురుగులు, దాని ముందు కెమెరా, పక్కన మిణుకుమనే ఎర్రదీపం. అంత సన్నని ఎరుపు ఆ పురుగు కంటికి ఆనదట. ఫోనుతో తీస్తే పోలేదా అని నేను అడిగితే ఆయన ఇలా చెప్పాడు.

"కలుపు తీసే ఆడోళ్లు సాలు తర్వాత సాలు పోతారు గదా, మామూలు కెమెరా అట్ల పైనుంచి కిందికి చూస్తాది. కింద సాలుకొచ్చే లోపల రెక్క కదిలిపోయింటాది. బొమ్మ వంకర పడ్తాది. ఇది గ్లోబల్ షట్టర్ కెమెరా. చేను మొత్తం ఒకే చూపులో చూస్తాది."

"ఇంత చీకట్లో ఏం చూస్తాదప్పా?"

"అదే అవ్వా నా కష్టం. రెక్క వేగానికి కెమెరా కన్ను తటాల్న మూయల్ల. మూస్తే ఎలుగు సాలదు. ఎలుగు పెంచితే పురుగు దీపం కాడికి పోతాది. ఈ రెంటి మధ్య నా బతుకు."

ఆ కెమెరాకు వేడి గిట్టదు. వేడెక్కితే జరమొచ్చినోని మాదిరి లేనివన్నీ చూస్తాదని, బొమ్మ నిండా చుక్కలు పడతాయని చెప్పేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన తిండికి పోయినప్పుడు నేను గోనెపట్ట తడిపి, నీళ్ల కుండకు చుట్టినట్టు కెమెరాకు చుట్టేశాను. ఆయన వచ్చి పట్ట ఎత్తి చూశాడు.

"అవ్వా, దీన్ని కుండ అనుకున్యావా?"

"సల్లగుండాలంటివి గదా."

కింద కూర్చుని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మూడు రోజులు దాన్ని విప్పి ఆరబెట్టాడు. బెంగళూరు నుంచి ఆయన పైన ఉండే పెద్ద సారు ఫోను చేశాడు. తిట్లు వాకిట్లో ఉన్న నాకే వినిపించాయి. పురుగుల సారు మాత్రం, "నా చెయ్యి తడిగా ఉండె సార్, తప్పు నాదే" అన్నాడు. నా మాట ఎత్తనే లేదు. ఆ రోజే నేను పెద్ద సారును మనసులో పెట్టుకున్నాను.

ఇంకో సంగతి. ఎగిరే పురుగు మీద కెమెరా చూపు కుదర్చాలంటే ముందు అదే చోట కదలకుండా ఏదైనా పెట్టాలి. కాగితం పెట్టాడు, మేకు పెట్టాడు, ఆ మసక వెలుగులో కుదరలేదు. ఒకసారి గూడు సర్దుతున్న నా చెయ్యి అడ్డం పడింది. ఎర్రదీపం కింద చర్మం సున్నం కొట్టిన గోడలా తెల్లబడి, నా పచ్చబొట్టు నల్లగా తేలింది. అది తేలు బొమ్మ. చిన్నప్పుడు పొడిపించుకుంటూ మధ్యలో లేచి పారిపోయాను కాబట్టి దానికి ముందుండే రెండు డెక్కల్లో ఒకటే ఉంది. "అట్లే ఉండవ్వా, కదలొద్దు" అన్నాడు. అప్పటినుంచి ప్రతి బొమ్మ నా చేత్తోనే మొదలు. ఫలితం తనకు నచ్చినట్టు రాకపోయినా, "కనపడిందే రాయల్ల అవ్వా, కనపడాలనుకునేది కాదు" అంటూ అలాగే రాసుకునేవాడు.

అనంతపురంలో ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. మనవరాలితో పోయాను. పెద్ద సారు తెర మీద మా పురుగులను ఎగరేశాడు. రెక్క మీది ఈనెలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. బెంగళూరు ల్యాబులో తానే తీశానన్నాడు. పోయిన మనిషి మంచివాడనీ, సామాన్లు మోయడంలో సాయపడ్డాడనీ చెప్పాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఏమప్పా, ఆ కంప్యూటరు తిప్పే నాయనా, బొమ్మ మొదట్నుంచి పెట్టు."

పెద్ద సారు వద్దనేలోపు ఆ పిల్లవాడు వెనక్కి తిప్పేశాడు. గోడంత తెర మీద ఒంటిడెక్క తేలు వచ్చి నిలబడింది. నేను రైక చెయ్యి పైకి లాగి అందరికీ చూపించాను. "సారూ, ఈ చెయ్యి బెంగళూరికి ఎప్పుడొచ్చింది?" అని అడిగాను. ఆయన చిన్న పొరపాటు జరిగిందన్నాడు. చనిపోయిన మనిషి పని మింగడం చిన్నదట.

వారం తిరక్కముందే కారులో మా ఊరొచ్చాడు. సభలో వేసింది పురుగుల సారు ముందే పంపిన ముక్క ఒకటే; కెమెరా, అసలు బొమ్మలన్నీ ఉన్న డిస్కులు నా షెడ్డులోనే ఉన్నాయి. అవి లేకపోతే పెద్ద సారు రాసే పరిశోధన పత్రం అచ్చుకాదు. తాళంచెవి నా కొంగున ఉంది.

"సామాను మీదే, తీసకపో. ముందర తీసింది ఎవురో రాసియ్యి. పత్రంలో ఆయన పేరు మొదట ఉండల్ల."

కారు బానెట్టు మీద పెట్టి రాసిచ్చాడు. మనవరాలు కాలేజీకి పోయి ఉంది. దారిన పోయే ఆశా కార్యకర్తను పిలిచి చదివించాను. "ఆయన సహకారంతో మేము తీసిన" అని చదివింది.

"సహకారం నీది సారూ. పని ఆయనది. చింపి ఇంగొకటి రాయి."

రెండోది పాల వ్యాను డ్రైవరుతో చదివించాను. సరిగ్గా ఉంది. తీసింది ఆయనే అని, మా షెడ్డులో అని, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. అయినా పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ముసలాయనకు కబురు పెట్టాను. ఆయన అద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. నేను షెడ్డు నీడలో కూర్చుని ఉన్నాను. పెద్ద సారు ఎండలో నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

కాగితంలో ఉన్నదంతా నాకు ముందే అర్థమైంది.

"ఇంగొక తూరి చదవన్నా," అన్నాను, "నిదానంగా."