మా అత్త గొంతులో ముల్లు

మొన్న భీమిలిలో బంధువుల ఇంట గృహప్రవేశానికి వెళ్ళాను. మొదటిరోజు పప్పూ పరమాన్నంతో మొహం మొత్తిన మగవాళ్ళు మర్నాడు పెరట్లో పొయ్యి పెట్టించి చేపల పులుసు వండించారు. భోజనాల్లో, వరసకు నాకు మరిది అయ్యే ఒకాయన ఉన్నట్టుండి విస్తరి ముందునుంచి లేచి, గొంతు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గొంతులో ముల్లు గుచ్చుకుంది. వెంటనే ఒక ముసలావిడ నావైపు చెయ్యి చూపించి, "ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషే. ఓపాలి నిమిరిందంటే దిగిపోద్ది," అంది. అందరూ నావైపు తిరిగారు. నేను చేతులు రెండూ కొంగులో దాచుకుని, "ఎవరైనా కారు తియ్యండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి," అని అరిచాను. ఆ అరుపుకి ముసలావిడ మొహం మాడ్చుకుంది. ముల్లు తీయించుకుని గంటన్నరలో తిరిగొచ్చిన మరిది మళ్ళీ పులుసు అడిగాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

తల బదులు కాళ్ళు ముందొచ్చి పుట్టినవాళ్ళకు ఏదో మహత్యం ఉంటుందని మా వైపు నమ్మకం. నడుం పట్టేస్తే వాళ్ళ ఎడమకాలితో మూడుసార్లు తన్నించుకోవాలి. గొంతులో ముల్లు గుచ్చుకుంటే వాళ్ళ చేత మూడుసార్లు కిందికి నిమిరించుకోవాలి. సబ్బవరం దగ్గర మా ఊళ్ళో నేను పుట్టినప్పుడు మంత్రసాని పక్కన కూర్చున్నది మా మేనత్త. "ఓలమ్మో, కాళ్ళొచ్చాయే!" అని మొదట కేక పెట్టింది ఆవిడే. పందొమ్మిదేళ్ళ తరవాత ఆ కాళ్ళనే కోడలిగా విశాఖపట్నం తెచ్చుకుంది. మేనత్తే కాబట్టి నేను 'గారు' తగిలించకుండా 'అత్తా' అనే పిలిచేదాన్ని.

మా ఆయన పోర్టులో కలాసీ. పాతపట్నంలో అయిదు వాటాల పెంకుటింట్లో ఒక వాటా మాది. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి పోర్టులోంచి ఎగిరొచ్చే ఇనపరాయి దుమ్ముతో ఎర్రబడేది. తెల్లచీర కట్టాలన్న కోరిక నాకు అక్కడే చచ్చిపోయింది. నేను కాపరానికొచ్చిన వారంలోపే అత్త నా జన్మవృత్తాంతం వీధంతా చాటింది. ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే మూటలు మోసి నడుం పట్టేసిన మగవాళ్ళు వంగిపోయి మా గుమ్మం ముందుకు వచ్చేవారు. నాన్న వయసువాళ్ళను తన్నడానికి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ముందు దణ్ణం పెట్టి తరవాత తన్నేదాన్ని. తన్నించుకున్నవాళ్ళు కూడా దణ్ణం పెట్టి, ఓ అరటిపండో నిమ్మకాయో గడపమీద పెట్టి పోయేవారు. అత్త పీటమీద కూర్చుని, "మా కోడలు సెయ్యేత్తే ముల్లాగదు, కాలేత్తే నొప్పాగదు," అని మురిసిపోయేది. పదో తరగతి తప్పి, వంటా సరిగ్గా రాని నాకు ఆ వీధిలో ఉన్న విలువంతా అదే. పైకి సిగ్గుపడ్డా, లోపల నాకూ గర్వంగానే ఉండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి?

కాపరానికొచ్చి ఏడాది తిరక్కముందే, ఒకరోజు మా ఆయన హార్బర్ నుంచి పండుగప్ప చేప తెచ్చారు. అత్త ఎప్పటిలాగే నడిమి ముక్కలు నా కంచంలో వేసి, "నాకు తలకాయే ఇట్టం," అంటూ తల తను తీసుకుంది. ఆ ఇష్టం ఎంతవరకు నిజమో అప్పుడు నేను ఆలోచించలేదు. తల జుర్రుతూ జుర్రుతూ ఒక్కసారి ఆగిపోయింది. దగ్గింది. కళ్ళు ఎర్రబడ్డాయి. మా ఆయన చెయ్యి కడుక్కుని, "ఆస్పత్రికెల్దామే అమ్మా," అన్నారు. ఆవిడ విసుక్కుంది. "ఇంట్లో ఇంత మందు ఎట్టుకుని ఊరట్టుకు తిరగమంటావేటి?" అని నాముందు మెడ చాచింది. నేను మూడుసార్లు నిమిరాను. తరవాత అలవాటు ప్రకారం ఉత్తి అన్నం నిమ్మకాయంత ముద్దలు చేసి, నమలకుండా మింగమని ఒకటి తరవాత ఒకటి పెట్టాను. నాలుగు పెట్టాను. నాలుగో ముద్దకు ఆవిడ మొహం ముడుచుకుపోయింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తెరిచి, నవ్వింది.

"పోయిందమ్మా. నీ సెయ్యి తగిలీసరికే పోయింది."

మర్నాడు గంజి తాగింది. అదేమంటే, శుక్రవారమని ఒంటిపూట అంది. ఆ మర్నాడు గంజీ వద్దంది. మూడోరోజుకు జ్వరం వచ్చింది, మెడ ఒక పక్కన ఉబ్బింది. గవదబిళ్ళలేమో అనుకున్నాం. నేను కూర్చుని మళ్ళీ నిమిరాను, ఈసారి ఇంకాస్త గట్టిగా. చర్మం కింద ఏదో చిటచిటలాడినట్టు నా వేళ్ళకు తెలిసింది. అది ఏమిటో తెలియక, మహత్యం పనిచేస్తోందేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం ఊపిరి ఎగబీలుస్తుంటే రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రే వెలుగుకు పట్టుకుని చూసి, ముల్లు అన్నంముద్దల తోపుడుకు ఆహారనాళాన్ని చీల్చిందని, చీము ఛాతీలోకి దిగిందని, మెడలో చేరింది గాలి అని వివరంగా చెప్పారు. "మొదటిరోజే వచ్చి ఉంటే గొట్టం వేసి తీసేసేవాళ్ళం. ఇన్నాళ్ళు ఎందుకాగారమ్మా?" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది, ఎంతో మెత్తగా అడిగారు. ఆపరేషన్ చేశారు. ఆరు రోజులు పోరాడారు. ఆపరేషన్ తరవాత మాట పోయింది కాబట్టి అత్త మంచంమీంచి నన్నే చూస్తూ ఉండేది. నేను దగ్గరికి వెళితే నా చెయ్యి తీసుకుని తన రొమ్ముమీద పెట్టుకునేది. ఏడోరోజు పోయింది.

పదకొండోరోజు కర్మ అయ్యాక, పక్కవాటా ఆవిడ నన్ను నూతిగట్టు దగ్గరికి పిలిచింది. అత్తకు ప్రాణస్నేహితురాలు. అటూ ఇటూ చూసి చెప్పింది. "ఆ రోజు సందేళే నాతో అందే. ముల్లు పోనేదప్పా, గుచ్చుకుంటంది అంది. మరి కోడలికి సెప్పవేటి అన్నాను. నానే పోనేదంటే దాని సెయ్యి ఇంకెవులు నమ్ముతారు, పిల్ల సిన్నబోద్ది, రెండ్రోజుల్లో అదే అరిగిపోద్దిలే అంది."

నా పరువు కోసం ఆవిడ ముల్లును దాచుకుంది. నేను ఆవిడకు పెట్టిన ముద్దలు, ఆవిడ నాకు పెట్టిన నడిమి ముక్కలు, రెండూ ప్రేమతో పెట్టినవే. వాటిలో ఒకటి మాత్రం మనిషిని తీసుకుపోయింది. ఆ తరవాతి ఆదివారం ఒకతను నడుం వంచుకుని గుమ్మం ముందు నిలబడితే, తలుపు వేసేశాను. కొన్నాళ్ళకు ఎవరూ రావడం మానేశారు. మా ఆయన జీవితంలో ఒక్కసారి కూడా నన్ను ఒక్కమాట అనలేదు, ఆయన కూడా పోయి ఆరేళ్ళయింది. క్షమించమని అడగడానికి ఆ ఇంటి మనిషి ఎవరూ మిగల్లేదు.

పోయేనాటికి అత్తకు నలభై ఆరు. నాకిప్పుడు అరవై ఆరు. ఈ వయసులో ఎదుటిమనిషి గుటక వేసే తీరు చూసి, నొప్పిని మింగుతున్నారో అన్నాన్ని మింగుతున్నారో చెప్పగలను. "పోయిందమ్మా" అన్నప్పుడు ఆ నవ్వును పట్టుకోవడానికి ఈ కళ్ళే కావలసింది. అవి నాకు వచ్చేసరికి నలభై ఏడేళ్ళు ఆలస్యమైంది.