మామ పెట్టెలో పొగబండి

దాజీ పేట్‌లో మా మేనమామ పోయాడు. కుంఠా నాకాలో ఉన్న మా ఇంటికి కబురు తెచ్చిన మామ పక్కింటాయన, "దమ్ము ఆగింది" అని రెండే మాటలు చెప్పి గడప మీద కూలబడ్డాడు.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. సోలాపూర్‌లో చద్దర్లు నేసే సాంచాలు, అంటే పవర్‌లూములు, చెడిపోతే బాగుచేసేవాడు. పోయినవాళ్లంతా మంచివాళ్లే అంటారు గానీ, మామ చిడిముడి మనిషి. టీ చల్లారితే అలిగేవాడు. పెళ్లికి పిలిస్తే వంటవాళ్ల స్టవ్వు విప్పి చూసేవాడు. తండ్రి లేని నన్ను పెంచింది ఆయనే. ఆయనంటే నాకు ప్రాణం.

కుర్దువాడి నుంచి పండరిపురం వెళ్లే చిన్న రైలంటే ఆయనకు పిచ్చి. ఇరుకు పట్టాల మీద మెల్లగా పోయే ఆ పొగబండిలోనే నన్ను మొదటిసారి విఠోబా దగ్గరికి తీసుకెళ్లాడు. నేను దేవుణ్ణి చూశాను, ఆయన ఇంజిన్‌ను చూశాడు. ఆ పట్టాలు వెడల్పు చేస్తారనీ, పొగబండి ఇక ఉండదనీ మాట పుట్టినప్పటి నుంచి ఆయనకు ఒకటే పని. నీళ్లు పోసి, కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే నిజంగా ఆవిరితో నడిచే బుల్లి ఇంజిన్ తయారుచేయడం. అదీ తను బిగించి ఇచ్చేది కాదు. భాగాలన్నీ ఒక పెట్టెలో ఉండాలి, ఎవరింట్లో వాళ్లు స్క్రూడ్రైవర్‌తో బిగించుకోవాలి.

"రైలు పోతే పోనియ్. ఇంటింట్ల ఒకటి లేస్తది" అనేవాడు.

మొదటి పెట్టె తయారయ్యాక పరీక్షకు అత్త ముందు పెట్టాడు. బీడీలు చుట్టే వేళ్లు, ఆమెకు చేతకాని పని లేదు. అయినా సిలిండర్‌లోకి పిస్టన్ దిగలేదు. మామ లాక్కుని ఆకురాయితో కాస్త అరగదీసి దింపాడు. తర్వాత చక్రం పట్టలేదు, దాన్నీ అరగదీశాడు. సాంచాల దగ్గర పడ్డ అలవాటది. అరిగిపోయిన ఏ రెండు సాంచాలూ ఒకలా ఉండవు కనుక, ప్రతి భాగాన్నీ దాని చోటికి తగ్గట్టు రాకాల్సిందే.

అత్త చేతులు దులుపుకుంది. "నువ్వు పక్కన కూసుంటేనే అయితదంటే గిది పెట్టె ఏంది? నువ్వు లేనప్పుడు ఎవలు రాకుతరు?"

మామ ఆ భాగాలన్నీ తుక్కు కింద భంగార్‌లో వేశాడు. ఏ పెట్టెలోదైనా ఒకే కొలతకు వచ్చేలా ఉక్కు పలకలకు రంధ్రాలు చేసి, అన్ని భాగాలనూ ఆ పలకల కింద పెట్టే తొలుస్తూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పటికే సాంచాల దూది ఊపిరితిత్తుల్లో పేరుకుని ఉంది. డాక్టర్ దుమ్ము వద్దన్నాడు. ఇనుపరజనులో ఒంగి కూర్చుని ఆయన దగ్గుతుంటే అత్త తిట్టేది, ఆ రోజు పెట్టె ముందు ఆ మాట అన్నందుకు తనను తానే తిట్టుకునేది. ఇక చాలు మామా అని నేనూ బతిమాలాను. "సగం నేసిన తాను మగ్గం మీద ఇడ్సిపెడ్తరా?" అన్నాడు. చివరి నెలల్లో మాటకు ఊపిరి చాలక, ఆగమని చేత్తోనే చెప్పేవాడు.

కర్మలు అయ్యాక అత్త, పోయే ముందు మామ పూర్తిచేసిన రెండో పెట్టె ముందేసుకుని కూర్చుంది. మేమెవరమూ సాయం పోలేదు. పిస్టన్ మెత్తగా దిగింది. చక్రాలు పట్టాయి. కడ్డీలు పట్టాయి. ఒక్క భాగమూ మొండికేయలేదు. మామ పోయిన రోజు నుంచి కన్నీరు పెట్టని మనిషి, ఆఖరి స్క్రూ బిగించి బోరుమంది.

"ఒక్క కాడన్న అటకాలె గదనే," అంది. "తనను పిలిచే పనే లేకుంట చేసి పోయిండు మీ మామ."

ఆ ఇంజిన్‌లో ఎవరూ నీళ్లు పోయలేదు. అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చుంది. కడ్డీ ముందుకూ వెనక్కూ, చప్పుడు లేకుండా ఆడుతూనే ఉంది.